పిడుక్కీ బియ్యానికీ ఒకే మంత్రం, గాలికీ ఒకే నంబరు

"ఒరే అల్లుడా, గాలి ఎన్ని వోల్టులకి పగుల్తాది?" అనడిగాడు మా మావయ్య, అరుగు మీద కూర్చుని, మహేంద్రగిరి వైపు నల్లగా కమ్ముకొస్తున్న మబ్బుని చూస్తూ. మాది పర్లాకిమిడి. ఒడిశాలో ఉన్నా ఇంట్లో తెలుగే, ఆఫీసుల్లో ఒడియా, ఊరు దాటితే పాతపట్నం, అంటే ఆంధ్రా. ఆయన లైన్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు, నేను బరంపురం వైపు ఒక ఇంజనీరింగ్ కాలేజీలో హైవోల్టేజి ల్యాబ్ చూసేవాణ్ణి, కాబట్టి ఈ ప్రశ్న నాకు లెక్కే కాదు అనుకుని, "సెంటీమీటరుకి 30 కేవీ మావయ్యా" అనేశాను, ఎక్కాలు అప్పజెప్పినట్టు. గాలి పగలడమంటే కరెంటుని ఆపడం మానేసి స్పార్కుకి దారివ్వడం, కేవీ అంటే వెయ్యి వోల్టులు.

ఆయన కాసేపు వేళ్ళు లెక్కపెట్టుకుని, "మరి 132 లైనుకి మాచేత తొమ్మిదేసి డిస్కులు ఎందుకు కట్టించారురా?" అన్నాడు.

చూడండి, ఇది చిన్న ప్రశ్న కాదు. 132 కేవీ లైన్లో ఒక తీగకీ నేలకీ మధ్య పీకులో, అంటే అల శిఖరం దగ్గర, వచ్చేది సుమారు 108 కేవీ. నా ఎక్కం ప్రకారం 4 సెంటీమీటర్ల గాలి చాలు, పని అయిపోవాలి. డిస్కు, అంటే తీగ స్తంభానికి తగలకుండా పట్టుకునే ఇన్సులేటర్ బిళ్ళ, ఒక్కోటి 14.5 సెంటీమీటర్లు, తొమ్మిదంటే 130 సెంటీమీటర్లు. నాలుగెక్కడ, నూట ముప్పై ఎక్కడ? సగం జవాబు అందరికీ తెలుసు, పిడుగు పడితే లైను మీదకి వచ్చే దెబ్బకి తట్టుకోవాలి, దానికి 650 కేవీ ఇంపల్స్ (క్షణంలో వచ్చిపోయే వోల్టేజి దెబ్బ) అని పెట్టుకుంటారు, వానా దుమ్మూ కూడా లెక్కలోకి వస్తాయి. సరే, 650 అనే అనుకుందాం, 30 తో భాగిస్తే 22 సెంటీమీటర్లు. ఇంకా నూట ముప్పై రాలేదు గదా. మిగతా సగం జవాబు చెప్పడానికి నాకు ఆ సాయంత్రం సరిపోలేదు, అందుకే ఇది రాస్తున్నాను, ఇంకో కారణం కూడా ఉంది, దాని పేరు బ్రోషరు, దాని సంగతి తర్వాత.

నేను చెప్పదల్చుకున్నది ఒకటే. మనం గాలి పగిలే చోట వోల్టేజి కొలుస్తాం, గ్యాపుతో భాగిస్తాం, వచ్చినదాన్ని ఫీల్డ్ (విద్యుత్ క్షేత్రం, ఒక చోట చార్జీని ఎంత గట్టిగా తోస్తుందో ఆ బలం) అని రికార్డులో రాసి సంతకం పెట్టేస్తాం. అది ఫీల్డ్ కాదు. భాగాహారం. గాలి పగలడం మొదలైన క్షణం నుంచీ లోపల ఫీల్డ్‌ని నడిపేది మనం వోల్టేజి పెట్టిన లోహపు ఎలక్ట్రోడ్లు కాదు, గాలిలో పుట్టిన చార్జీలే, వాటి ఫీల్డ్‌ని కొలవాలంటే వేరే పద్ధతులు కావాలి, ఆ పద్ధతులున్నాయి, వందేళ్ళుగా జనం వాటి కోసం కష్టపడ్డారు, మన సిలబస్సులో మాత్రం ఆ భాగాహారం దగ్గరే బండి ఆగిపోయింది.

ఆ 30 అన్నది అబద్ధమని కాదు నా గోల. ఫ్లాటుగా ఉన్న రెండు పలకల మధ్య, సముద్రమట్టం గాలిలో, 1 సెంటీమీటరు గ్యాపుకి దాదాపు 31 కేవీకి పగులుతుంది, నిజమే. అదే పలకల్ని 1 మిల్లీమీటరుకి దగ్గర చేస్తే 4.5 కేవీ కావాలి, అంటే సెంటీమీటరుకి 45. పదో వంతు మిల్లీమీటరుకి చేస్తే 90. దూరం జరిపి 10 సెంటీమీటర్లు చేస్తే 26 పైచిలుకు. పాషెన్ అనే ఆయన 1889లోనే చెప్పాడు, పగిలే వోల్టేజి ప్రెషరు గుణించు గ్యాపు అనే లబ్ధం మీద ఆధారపడుతుందని, పైగా దానికి ఒక కనిష్ఠం ఉందని, గాలికి అది 330 వోల్టుల దరిదాపు, మామూలు ప్రెషర్లో 7-8 మైక్రాన్ల గ్యాపు దగ్గర వస్తుంది. అక్కడ భాగాహారం చేసి చూడండి, సెంటీమీటరుకి 400 కేవీ దాటిపోతుంది. సన్న తీగ చుట్టూ ఇంకో కథ, 1910ల్లో పీక్ అనే ఇంజనీరు తీగల మీద కొరోనా, అంటే తీగని అంటుకుని గాలి వెలగడం, ఎప్పుడు మొదలవుతుందో కొలిచి ఒక సూత్రం ఇచ్చాడు, 1 మిల్లీమీటరు రేడియస్ తీగయితే దాని ఒంటి మీద ఫీల్డ్ 60 కి దగ్గరకి వస్తే తప్ప వెలగదు. ఇక ఒక కడ్డీనీ ఒక పలకనీ మీటరు దూరంలో పెట్టి పాజిటివ్ ఇంపల్స్ కొట్టండి, 500 కేవీ చుట్టుపక్కలే కొట్టేస్తుంది, అంటే సగటున సెంటీమీటరుకి 5.

ఒకే గాలికి 5, 26, 31, 45, 60, 90, 400. పిడుక్కీ బియ్యానికీ ఒకే మంత్రం అని మనవాళ్ళు ఎగతాళికి అంటారు (కొందరు బియ్యం కాదు బిచ్చం అంటారు, ఏదైనా ఎగతాళే), మేం నిజంగానే పిడుక్కి ఒకే మంత్రం నేర్పుతున్నాం, 30, 30, 30.

ఇక మావయ్య డిస్కులకి వస్తే, 650 ని ఆ 5 తో భాగించండి. 130 సెంటీమీటర్లు! తొమ్మిది డిస్కులు! నేను ఆయనకిది చెప్పినప్పుడు ఆయన పెద్దగా ఆశ్చర్యపోలేదు, "అందుకే గదా కట్టాం" అన్నాడు. డిస్కుల లెక్క అచ్చంగా ఇంత సూటిగా తేలదు, కాలుష్యం, ఆల్టిట్యూడ్, స్విచింగ్ ఇవన్నీ చూస్తారు, కానీ ఆ 5 ఊరికే వచ్చిన అంకె కాదు. ఎక్కడిదో చెప్తాను.

గాలిలో ఎప్పుడూ ఒకటో అరో ఎలక్ట్రాన్ తిరుగుతూ ఉంటుంది. ఫీల్డ్ గట్టిగా ఉంటే అది పరిగెత్తి ఒక నైట్రోజన్‌నో ఆక్సిజన్‌నో గుద్ది ఇంకో ఎలక్ట్రాన్‌ని ఊడగొడుతుంది, రెండవుతాయి, రెండు నాలుగవుతాయి, వడ్డీ మీద వడ్డీ. టౌన్‌సెండ్ 1900 ప్రాంతంలో ఈ ఉప్పెన లెక్క కట్టాడు. 27 సార్లు రెట్టింపైతే 13 కోట్లు దాటుతాయి. ఇంతవరకూ ఫీల్డ్ మన పలకలదే, భాగాహారం చెల్లుతుంది. ఇక్కణ్ణుంచే తేడా. 10 కోట్ల ఎలక్ట్రాన్లు 0.2 మిల్లీమీటర్ల రేడియస్ ముద్దగా ఉన్నాయనుకోండి, స్కూల్లో చదివిన కూలుంబ్ సూత్రం పెట్టి ఆ ముద్ద అంచు మీద దాని సొంత ఫీల్డ్ ఎంతో చూడండి, సెంటీమీటరుకి 36 కేవీ వస్తుంది. అంటే కొడుకు తండ్రంత అయ్యాడు. బయట నుంచి మనం పెట్టిన ఫీల్డ్‌కి సమానంగా లోపల నుంచి ఇంకో ఫీల్డ్. 1940కి కాస్త అటూ ఇటూగా రాథర్, మీక్, లోబ్ ఈ ముగ్గురూ పట్టుకున్నది ఇదే, ఆ దశ దాటాక అది ఉప్పెన కాదు స్ట్రీమర్, అంటే తన చార్జీల ఫీల్డ్‌తోనే ముందుకు దారి చేసుకుంటూ పోయే సన్నటి వెలుగు పాయ, దాని తలకాయ దగ్గర ఫీల్డ్ సెంటీమీటరుకి 100 నుంచి 200 కేవీ దాకా ఉంటుంది, తల వెనక తోకలో మాత్రం పాజిటివ్ స్ట్రీమరుకి 5 దగ్గర ఉంటే చాలు బతికేస్తుంది. మన కడ్డీ పలక గ్యాపు సగటున 5 కే ఎందుకు పగిలిందో ఇప్పుడు తెలిసింది గదా. గాలికి మనం 5 ఇచ్చాం, అది తన తల మీద 150 తయారుచేసుకుంది, అప్పు చేసి పప్పుకూడు కాదు, ఉన్న దాన్నంతా ఒక్క చోట కుప్పపోసుకోవడం.

అందుకే నేనంటాను, మీటరు గ్యాపు మీద 500 కేవీ కొలిచి "ఫీల్డ్ 5" అని రాసేవాడు, సూది మొనకి ఎంత పదునుందో తెలుసుకోవడానికి సూదిని కాటాలో తూచినవాడితో సమానం.

సరే, మరి లోపల కొలవండి అంటారా. అదే కష్టం. నేను కాలేజీలో చేరిన కొత్తలో నాకూ ఒక తెలివైన ఆలోచన వచ్చింది, గ్యాపు మధ్యలో చిన్న లోహపు గుండు ఒకటి సన్నటి తీగకి తగిలించి పెడితే అక్కడి ఫీల్డ్ తెలిసిపోతుంది గదా అని. పెట్టాను. వోల్టేజి పెంచుతుంటే పెట్టకముందు పగిలే దాని కంటే చాలా ముందే టప్పుమంది. ఎందుకంటే సమంగా ఉన్న ఫీల్డ్‌లో లోహపు గుండు పెడితే దాని రెండు ధ్రువాల దగ్గర ఫీల్డ్ మూడు రెట్లవుతుంది, గుండు ఎంత చిన్నదైనా ఎంత నున్నగా ఉన్నా మూడే, ఇది ఎలక్ట్రోస్టాటిక్స్ పుస్తకంలో అచ్చయి ఉన్న ఉదాహరణే, పరీక్షలో నేనే రాశాను కూడా, చేతిలో గుండు పట్టుకున్నప్పుడు మాత్రం గుర్తు రాలేదు. నేను కొలిచింది నా గుండు చేసిన ఫీల్డ్‌ని. దొంగతనం ఎవరు చేశారో కనిపెట్టడానికి వచ్చిన పోలీసే దొంగ అన్నట్టు.

లోహం వద్దు, క్రిస్టల్ పెడదాం అన్నారు. కొన్ని క్రిస్టల్స్‌లో ఫీల్డ్ పెడితే కాంతి నడిచే తీరు మారుతుంది, పాకెల్స్ 1893లో దీన్ని వివరించాడు. లేజర్ ఒకటి దాన్లోంచి పంపి, పోలరైజేషన్ (కాంతి ఊగే దిశ) ఎంత తిరిగిందో చూస్తే ఫీల్డ్ తెలుస్తుంది, తీగల్లేవు, లోహం లేదు, వేగం కూడా బాగుంటుంది. ముఖ్యంగా ఇన్సులేటర్ ఒంటి మీద పేరుకున్న చార్జి చూడ్డానికి ఇది మంచి పనిముట్టు, అందులో నాకు పేచీ లేదు. పేచీ ఎక్కడంటే గ్యాపు నడిమధ్యలో పెట్టినప్పుడు. బీజీఓ అనే క్రిస్టల్‌కి డైఎలక్ట్రిక్ కాన్‌స్టెంట్ 16 దాకా ఉంటుంది, దాన్ని గోళం అనుకుంటే లోపల ఫీల్డ్ బయట దాన్లో ఆరో వంతే, ఇంకా చుట్టూ ఫీల్డ్ గీతలన్నీ దాని వైపు వంగుతాయి, స్ట్రీమర్ కూడా అటు ఆకర్షణకి లోనై దాని మీద పాకుతుంది. గుండు కంటే నయం, అంతే.

ఇక టైము. స్ట్రీమర్ నడక సెకనుకి పది లక్షల మీటర్లనుకుంటే (ఇంతకంటే నెమ్మదివీ ఉంటాయి, పదింతలు వేగమైనవీ ఉంటాయి) నానోసెకనుకి 1 మిల్లీమీటరు. మా ల్యాబ్‌లో ఉన్నది 100 మెగాహెర్ట్జ్ స్కోపు (వోల్టేజి మార్పుని గీతగా చూపే పరికరం), దాని రైజ్ టైము, అంటే మార్పుని అందుకోడానికి దానికి పట్టే సమయం, 3.5 నానోసెకన్లు. అంటే స్కోపు కన్ను తెరిచేలోగా స్ట్రీమర్ మూడున్నర మిల్లీమీటర్లు వెళ్ళిపోయింది, దాని తలకాయే మిల్లీమీటరు ఉండదు. మేము చూసింది దుమ్ము.

నాకు ఇష్టమైన పద్ధతి వేరే ఉంది, అది గాలినే సాక్ష్యం అడగడం. గాలిలో నైట్రోజన్ ఉంది గదా, అది వెలుగుతుంది, స్పార్కు మొదలయ్యే ముందు కనిపించే ఆ ఊదా నీలం కాంతి నైట్రోజన్‌దే. దాన్లో రెండు గీతలు ఏరుకుంటారు, 337.1 నానోమీటర్లది మామూలు నైట్రోజన్ అణువుది, 391.4 ది ఒక ఎలక్ట్రాన్ పోగొట్టుకున్న నైట్రోజన్‌ది. మొదటిది వెలిగించాలంటే ఎలక్ట్రాన్ 11 ఎలక్ట్రాన్‌వోల్టులతో గుద్దాలి, రెండోదానికి 18.8 కావాలి. ఫీల్డ్ ఎక్కువైతే గట్టిగా గుద్దే ఎలక్ట్రాన్లు ఎక్కువవుతాయి, రెండో గీత పుంజుకుంటుంది. ఈ రెండు గీతల నిష్పత్తి చూస్తే అక్కడ ఎంత ఫీల్డ్ ఉందో చెప్పొచ్చు, ఏమీ ముట్టుకోకుండా, ఏమీ దూర్చకుండా. జాతర్లో ఎంత జనం ఉన్నారో లోపలికి వెళ్ళి లెక్కపెట్టక్కర్లేదు, బయట నుంచి హోరు వింటే తెలుస్తుంది, అలాంటిదన్నమాట. అసలు ఇది కొలిచేది కూడా ఒట్టి ఫీల్డ్ కాదు, ఫీల్డ్‌ని గాలి సాంద్రతతో భాగించిన దాన్ని, దానికి టౌన్‌సెండ్ పేరే యూనిట్‌గా పెట్టారు, మామూలు గాలి దాదాపు 120 టౌన్‌సెండ్ల దగ్గర పగులుతుంది. ఈ యూనిట్‌లో ఆలోచించడం అలవాటైతే మా మహేంద్రగిరి శిఖరం మీద, 1501 మీటర్ల ఎత్తున, గాలి ఎందుకు తేలిగ్గా పగులుతుందో వేరే చెప్పక్కర్లేదు, అక్కడ ప్రెషరు సముద్రమట్టం కంటే దాదాపు ఆరో వంతు తక్కువ, సాంద్రతా దానికి దగ్గరగానే తగ్గుతుంది, ఆ మేరకు తట్టుకునే వోల్టేజీ తక్కువ.

దీనికీ లోపాలున్నాయి, దాచను. బాగా వెలిగే చోటూ బాగా ఫీల్డ్ ఉన్న చోటూ ఒకటి కాదు. ఫీల్డ్ శిఖరం ముందు నడుస్తుంది, వెలుగు శిఖరం కాస్త వెనక వస్తుంది, ఎందుకంటే వెలగడానికి ఎలక్ట్రాన్లు కూడా కావాలి, అవి తల వెనక ఎక్కువ. కెమెరాలో బాగా మెరిసిన చోట నిష్పత్తి తీసుకుని అదే గరిష్ఠ ఫీల్డ్ అనేస్తే తక్కువ చెప్పినట్టు. పైగా ఎలక్ట్రాన్లు లేని చోట, అంటే ఇంకా పగలని గాలిలో, అసలు వెలుగే లేదు, సాక్షి నోరే విప్పడు.

ఆ నోరు విప్పించడానికే ఈమధ్య ఒక కొత్త పద్ధతి వచ్చింది, పరిశోధకులంతా దాని వెంట పడ్డారు, ఇంగ్లీషులో దాని పొట్టి పేరు ఈ-ఫిష్. చేపకీ దానికీ సంబంధం లేదు. మామూలుగా గాలిలోకి ఒక రంగు లేజర్ పంపితే సరిగ్గా రెట్టింపు ఫ్రీక్వెన్సీ కాంతి పుట్టదు, గాలి అన్ని వైపులా ఒకేలా ఉంటుంది కాబట్టి. ఫీల్డ్ పెడితే ఆ సమానత్వం చెడిపోతుంది, అప్పుడు పుడుతుంది, కంటికి కనపడని 1064 నానోమీటర్ల లేజర్ పంపితే 532 ఆకుపచ్చ కాంతి కొంచెం బయటికొస్తుంది. ఆ ఆకుపచ్చ ఎంతో చూస్తే ఫీల్డ్ ఎంతో తెలుస్తుంది. 2017లో ప్రిన్స్‌టన్ వాళ్ళు ఫెమ్టోసెకండ్ (అతి పొట్టి పల్సుల) లేజర్‌తో దీన్ని చూపించాక ప్లాస్మా (చార్జీలుగా విడిపోయిన గ్యాసు) ల్యాబులు చాలా కొన్నేళ్ళలో దీని మీదకి వచ్చేశాయి. ఏ గ్యాస్ అయినా పర్లేదు, పగలకముందూ కొలవొచ్చు, టైము విషయంలో లేజర్ పల్స్ ఎంత పొట్టిగా ఉంటే అంత సన్నగా చూడొచ్చు.

ఇక్కడ నా సణుగుడు కూడా వినండి. ఆ ఆకుపచ్చ కాంతి ఫీల్డ్ వర్గానికి అనుపాతంలో ఉంటుంది, కాబట్టి ఫీల్డ్ ప్లస్సా మైనస్సా అన్నది మామూలు సెటప్‌లో పోతుంది. రెండోది ఇంకా పెద్దది, కాంతి లేజర్ ఫోకస్ చుక్క దగ్గరే పుట్టదు, దారి పొడుగునా పుడుతుంది, మధ్యలో ఆ కాంతి అలలు కొన్నిచోట్ల కలిసి పెరుగుతాయి, కొన్నిచోట్ల ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, కాబట్టి ఫీల్డ్ దారి పొడుగునా ఏ ఆకారంలో ఉందో ముందే తెలియకపోతే కొలిచిన అంకెకి అర్థం మారిపోతుంది. పలకల మధ్య తెలిసిన ఫీల్డ్ పెట్టి క్యాలిబ్రేట్ చేస్తారు, తర్వాత మిల్లీమీటరు లోపు తలకాయున్న స్ట్రీమర్‌ని అదే స్కేలుతో కొలుస్తారు. బస్తా తూచే కాటాతో బంగారం తూచినట్టు. ఈ లోపం ఆ రంగంవాళ్ళే గట్టిగా రాశారు, 2020 ప్రాంతంలో వచ్చిన పేపర్లలో ఉంది. అయినా సరే, మొత్తం చూస్తే నా ఓటు దీనికే, ఎందుకంటే దీని తప్పులు లెక్కకి దొరికే తప్పులు. మా గుండు తప్పులు లెక్కకి దొరకవు, అవి స్పార్కైపోతాయి.

ఇప్పుడు మబ్బు దగ్గరికి వెళ్దాం, మావయ్య చూస్తున్నది దాన్నే గదా. చిన్నప్పుడు ఉరిమితే మా అమ్మమ్మ "అర్జునా, ఫల్గుణా" అని మొదలుపెట్టేది, మేం చెవులు మూసుకునేవాళ్ళం. ఒడిశాలో పిడుగు అంటే మాటలు కాదు, 2015లోనే రాష్ట్ర ప్రభుత్వం దాన్ని విపత్తుగా ప్రకటించింది. 2023 సెప్టెంబర్ 2న రెండు గంటల్లో 61 వేల మెరుపులు రికార్డయ్యాయి ఈ రాష్ట్రంలో, ఆ రోజు డజను మంది పోయారు.

ఆ మబ్బుల్లోకి బెలూన్లు పంపి ఫీల్డ్ కొలిస్తే సెంటీమీటరుకి 1, 2 కేవీ దాటడం అరుదు. 6 కిలోమీటర్ల ఎత్తున గాలి పలచన కాబట్టి అక్కడ 30 అక్కర్లేదు, 16 చాలు, ఆ 16 కూడా ఎక్కడా కనపడదు. పదో వంతుతో పిడుగు ఎలా మొదలవుతోంది? ఇది దశాబ్దాలుగా నలుగుతున్న ప్రశ్న. వానచినుకుల, మంచుపలుకుల కొనల దగ్గర ఫీల్డ్ పెరుగుతుందంటారు కొందరు, అంతరిక్షం నుంచి రాలే కాస్మిక్ కిరణాల వల్ల పుట్టే వేగమైన ఎలక్ట్రాన్లు దారి వేస్తాయంటారు కొందరు, సి.టి.ఆర్. విల్సన్ 1920ల్లో వేసిన విత్తనం అది, 1992లో గురెవిచ్ దాన్ని పెద్ద సిద్ధాంతం చేశాడు. బెలూన్ ఒక్క దారి వెంట వెళ్ళి కొలుస్తుంది, పిడుగు పుట్టే చోట ఆ క్షణాన అది ఉండాలన్న రూలేమీ లేదు. మళ్ళీ అదే సంగతి, సగటు చూసి మొనని మిస్సవుతున్నాం.

ఊటీలో టాటా ఇన్‌స్టిట్యూట్‌వాళ్ళ గ్రేప్స్-3 అని ఒక కాస్మిక్ కిరణాల ప్రయోగం ఉంది, వాళ్ళు మ్యువాన్లు (ఆ కిరణాలు గాలిని గుద్దినప్పుడు పుట్టి కిందకి రాలే కణాలు) ఎంత తగ్గాయో చూసి 2014 డిసెంబర్ 1న ఒక మబ్బులో 130 కోట్ల వోల్టులు ఉన్నాయని లెక్కగట్టారు, 2019లో అచ్చయింది. మబ్బుని ముట్టుకోలేదు, దాని కింద కూర్చుని పైనుంచి రాలే కణాలు లెక్కపెట్టారు. అంత పెద్ద అంకె అంతకుముందు ఎవరూ కొలవలేదు, చదివినప్పుడు నాకు ఒళ్ళు పులకరించింది. కానీ ఒక్క మాట, అది కూడా వోల్టేజే. మబ్బు ఇవతలి అంచు నుంచి అవతలి అంచు దాకా మొత్తం. లోపల ఏ మూల ఎంత ఫీల్డ్ అన్నది ఆ అంకె చెప్పదు, వాళ్ళు చెప్పిందీ వోల్టేజి అనే, న్యూస్ పేపర్లలో అదేదో ఫీల్డ్ అన్నట్టు రాసింది మిగతావాళ్ళు.

ఇప్పుడు బ్రోషరు. మా ఊళ్ళో ఒక ప్రైవేటు స్కూలుంది, పేరెందుకు. దాని సెక్రటరీ గారు ఒక రోజు రంగుల బ్రోషరు పట్టుకొచ్చారు, "మాస్టారూ, ఇది పెడితే స్కూలు మొత్తానికి, పక్కనున్న ఆటస్థలానికి కూడా పిడుగు పడదంట, మీరు ఒక్కసారి చూడండి" అని. చూశాను. పిడుగుని ముందే పసిగట్టి, మామూలు కడ్డీ కంటే తొందరగా పైకి స్ట్రీమర్ పంపే పరికరం. దాని పై పేజీలోనే మన మంత్రం, గాలి 30 కేవీకి పగులుతుంది అని. లోపల పేజీలో 60 మైక్రోసెకన్లు ముందు అని.

ఈ అరవై ఎక్కణ్ణుంచి వచ్చిందంటే, హైవోల్టేజి ల్యాబ్‌లో ఒక పెద్ద పలక కింద మామూలు కడ్డీ పెట్టి ఇంపల్స్ కొడతారు, తర్వాత వీళ్ళ పరికరం పెట్టి కొడతారు, ఏది ముందు స్ట్రీమర్ పంపిందో టైము తేడా చూస్తారు. ఆ తేడాని ఫ్రాన్సు వాళ్ళ 17-102 స్టాండర్డు ప్రకారం మైక్రోసెకనుకి 1 మీటరుతో గుణిస్తారు, 60 మైక్రోసెకన్లకి 60 మీటర్ల అదనపు రక్షణ. అక్కడే నేను కూర్చుండిపోయాను. నిజంగా పిడుగు పడేటప్పుడు నేల నుంచి పైకి లేచే లీడర్లని (స్ట్రీమర్ల వెనక వేడెక్కి, పిడుగుకి దారయ్యే పాయలని) కెమెరాల్లో చూసినప్పుడు, మొదట్లో వాటి వేగం సెకనుకి పది వేల నుంచి లక్ష మీటర్లు. ఆ లెక్కన 60 మైక్రోసెకన్లకి అరవై సెంటీమీటర్ల నుంచి ఆరు మీటర్లు. ఆటస్థలం ఎటు పోయింది? పైగా ల్యాబ్ గ్యాపులో ఫీల్డ్ పెరిగే తీరూ, పైనుంచి కిలోమీటర్ల పొడవు లీడర్ దిగుతుంటే మా స్కూలు కప్పు మీద ఫీల్డ్ పెరిగే తీరూ ఒకటేనా? అక్కడ ఎవరైనా కొలిచారా? పిడుగుల శాస్త్రవేత్తలు ఉమన్, రకోవ్ ఈ పరికరాల మీద 2002లో పెద్ద సమీక్ష రాశారు, మామూలు కడ్డీ కంటే ఇవి మెరుగన్నదానికి ఆధారం కనపడలేదన్నారు. ప్రపంచమంతా వాడే ఐఈసీ 62305 అనే పిడుగు రక్షణ స్టాండర్డులో వీటికి అదనపు మార్కులేమీ లేవు.

పరికరం అమ్మేవాడిది తప్పని నేను అనను, అమ్మేవాడు అమ్ముతాడు. ఆ బ్రోషరు చదివి తలూపిన ఇంజనీర్లు ఎవరి దగ్గర చదువుకున్నారు? నాలాంటివాళ్ళ దగ్గరే. సెంటీమీటరుకి 30 అని మేం నేర్పిస్తే వాళ్ళు ఆకాశానికి కూడా 30 అని నమ్మారు, ల్యాబ్‌లో మీటరు గ్యాపులో వచ్చింది మైదానంలోనూ వస్తుందని నమ్మారు. అందుకే నేను ల్యాబ్ చూసిన చివరి రెండేళ్ళు మొదటి ఎక్స్‌పెరిమెంటు మార్చేశాను. గోళాల మధ్య 1 సెంటీమీటరు, పగిలింది 31 దగ్గర. అదే 1 సెంటీమీటరు, ఈసారి సూదీ పలకా, 15 లోపలే అయిపోయింది. "ఇప్పుడు ఫీల్డ్ ఎంతో రాయండి" అనేవాణ్ణి. పిల్లలు ఒకరి మొహాలు ఒకరు చూసుకునేవారు. తర్వాత లైట్లార్పి, సూది మొన దగ్గర ఊదా చుక్క చూపించి, పగలకముందే అది ఎప్పుడు వెలిగిందో వోల్టేజి రాసుకోమనేవాణ్ణి. "ఆన్సర్ ఏమి రాయాలి సార్" అని అడిగిన బరంపురం కుర్రాడికి "రాయకు, చూడు" అన్నందుకు పైనుంచి నాకు ఒక నోటీసు కూడా వచ్చింది, రికార్డు బుక్కులో గళ్ళు ఖాళీగా ఉన్నాయని. సరే.

తాటిచెట్ల సంగతి కూడా జనం అడుగుతుంటారు, ఒడిశా ప్రభుత్వం పిడుగుల కోసమే తాటిచెట్లు నాటించే పని పెట్టుకుంది గదా అని. తాటిచెట్టు పొడుగు, ఒంటరిగా నిలబడుతుంది, దాని మొవ్వు దగ్గర ఫీల్డ్ చుట్టూ నేల మీద దాని కంటే ఎన్నో రెట్లు, కాబట్టి పిడుగు పక్కనున్న మనిషి మీద కంటే దాని మీద పడే అవకాశం ఎక్కువ, అంతవరకూ బానే ఉంది. దాని కింద నిలబడితే మాత్రం మీరూ ఆ దారిలో భాగమే. మావయ్యకి ఇది నేను చెప్పక్కర్లేదు, తాటిచెట్టు కింద కట్టేసిన రెండు దూడల్ని పోగొట్టుకున్నాడాయన.

స్కూలు సంగతికి వస్తే, కప్పు చుట్టూ మామూలు కడ్డీలు, నాలుగు మూలలా కిందకి దించే పట్టీలు, ఎర్త్ పిట్లు, అవన్నీ ఒకదానికొకటి కలిపి కట్టడం, ఇది చాలన్నాను. సెక్రటరీ గారికి మనసొప్పలేదు, మెరిసే పరికరం ముందు ఇనప పట్టీ ఎవరికి నచ్చుతుంది, కంపెనీ మనిషితో ఒకసారి మాట్లాడండి అని ఫోన్ కలిపి నా చేతికిచ్చారు. నేను వీలైనంత మర్యాదగానే అడిగాను, "బాబూ, మీ పరికరం మొన దగ్గర, పిడుగు వచ్చేటప్పుడు ఫీల్డ్ ఎంతుంటుందో ఎప్పుడైనా కొలిచారా?"

"ఫీల్డ్ కొలతలకి మా కుర్రాడు రేపే వస్తాడండి" అన్నాడు అతను చాలా ఉత్సాహంగా, "టేపు కూడా మేమే తెచ్చుకుంటాం, మీరు మేడ తాళం తీసి ఉంచితే చాలు."